పరదేశీయుడూ, పోలీసు లెక్కా – న్యూయార్కు చరిత్ర నుంచి ఒక పాఠం

పొట్టకూటి కోసం పరదేశం వెళ్ళిన మనిషి రెండు మూటలు మోస్తాడు. ఒకటి తన సామాను మూట. రెండవది తన కౌమ్ పేరు. సామాను మూటను ఎక్కడో ఒకచోట దించుకుంటాడు గాని, రెండవదాన్ని చచ్చేదాకా దించుకోలేడు. ఊరివాడు దొంగతనం చేస్తే ఫలానావాడు దొంగ అంటారు. పరదేశి చేస్తే ఫలానా దేశంవాళ్ళంతా దొంగలంటారు. మర్నాడు ఆ మాట పత్రికలో అచ్చవుతుంది. కొన్నాళ్ళకు దానికి ఒక అంకె కూడా తోడవుతుంది. అంకె తోడైన నిందను తుడిచెయ్యడం మహా కష్టం. మాటనైతే జనం అనుమానిస్తారు గాని, అంకెను ఎవరూ అనుమానించరు.

ఈ సావనీరు చదివే కుటుంబాల్లో కొడుకో, అల్లుడో, తమ్ముడో గల్ఫ్‌లోనో అమెరికాలోనో లేని ఇల్లు తక్కువే అనుకుంటాను. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచీ, హైదరాబాద్ పాతబస్తీ నుంచీ వేలాది మంది పిల్లలు సముద్రం దాటి వెళ్ళారు. ఇక్కడ మనం ఊరివాళ్ళం. అక్కడ వాళ్ళు పరదేశీయులు. అందుచేత పరదేశీయుల నేరాల లెక్కలు ఎట్లా తయారవుతాయో, పత్రికలు వాటినెట్లా వాడుకుంటాయో, నింద పడిన కౌమ్ ఏంచేస్తే నిలబడుతుందో తెలుసుకోవడం మనకు అవసరం. దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉన్నది. అది 1908 నాటి న్యూయార్కు నగరం కథ.

ఒక వ్యాసం, ఒక అంకె

ఆ రోజుల్లో న్యూయార్కు లోకంలోని బీదసాదలందరికీ దిగుడు రేవు. 1910 జనాభా లెక్కల ప్రకారం ఆ నగర జనాభా 47 లక్షల పైచిలుకు. అందులో ప్రతి 10 మందిలో నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్ళు. ఇటలీ నుంచి కూలీలు, రష్యా సామ్రాజ్యం నుంచి యూదులు లక్షల సంఖ్యలో వచ్చి ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టారు.

ఆ యూదులు సరదా కోసం రాలేదు. 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ పట్టణంలో ఒక బాలుడి హత్య గురించి స్థానిక పత్రిక ఒకటి పుకార్లు వ్రాసింది. యూదులే తమ మతకర్మ కోసం చంపారని ప్రచారం చేసింది. పచ్చి అబద్ధం. కాని ఈస్టర్ పండుగ నాడు మూక లేచింది. 49 మంది యూదులు హతులయ్యారు. పత్రికలో అచ్చయిన అబద్ధం ఎంత దూరం పోగలదో ఒళ్ళు కాలి తెలుసుకున్న జనం వాళ్ళు.

అట్లాంటి జనం మీద 1908 సెప్టెంబరులో ఒక పిడుగు పడింది. న్యూయార్కు పోలీసు కమీషనర్ థియొడోర్ బింగ్‌హామ్ 'నార్త్ అమెరికన్ రివ్యూ' అనే పేరుమోసిన పత్రికలో, నగరంలోని విదేశీ నేరస్థుల గురించి వ్యాసం వ్రాశారు. నగర జనాభాలో యూదులు నాలుగవ వంతు ఉన్నారనీ, నేరస్థుల్లో బహుశా సగంమంది వాళ్ళే అయివుంటారనీ ఆ వ్యాసం సారాంశం. ఇటాలియన్లను గురించి కూడా ఘాటుగానే వ్రాశారు.

'బహుశా' అన్న మాటను పాఠకులు గమనించాలి. యావత్తు నగరం పోలీసు రికార్డు చేతిలో ఉన్న అధికారి 'బహుశా' అని ఎందుకనాలి? లెక్క చూసి వ్రాసినవాడు ఇంతమంది అని చెప్తాడు. లెక్క చూడనివాడే సుమారుగా సగం అంటాడు. ఆ వ్యాసంలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. నగరానికి ఒక రహస్య డిటెక్టివు దళం కావాలని కమీషనర్‌గారి కోరిక. ఆ దళం ఎందుకు అవసరమో నచ్చజెప్పడానికే ఈ విదేశీ నేరస్థుల వర్ణన యావత్తూ. ఏదైనా అంకె కనిపించినప్పుడు అది చెప్పేవాడికి ఏం కావాలో కూడా చూడాలని ఇక్కడే మనకు మొదటి పాఠం దొరుకుతుంది.

జవాబు లెక్కతోనే వచ్చింది

వ్యాసం వెలువడగానే యూదుల పేటల్లో గగ్గోలు పుట్టింది. వాళ్ళ భాష యిద్దిష్‌లో వెలువడే పత్రికలు మండిపడ్డాయి. సభలు జరిగాయి. కమీషనర్ రాజీనామా చెయ్యాలన్నారు. ఇంకొకవైపు, ముందుతరంలోనే వచ్చి స్థిరపడ్డ ధనిక యూదులు నోరెత్తకుండా ఉన్నారని బీదవాళ్ళకు కోపం వచ్చింది. పెద్దమనుషుల్లో ఒకరైన న్యాయవాది లూయీ మార్షల్ తెరచాటున అధికారులతో మంతనాలు సాగించారు.

కాని అసలు పని చేసింది వేరొకరు. మార్క్ కాట్జ్ అనే ఆయన కోర్టు రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. పెద్ద నేరాల్లో శిక్షపడిన వాళ్ళెందరు, అందులో యూదులెందరు అని లెక్క తీశారు. సగం కాదు సరికదా, నాలుగవ వంతు కూడా కాదు. సుమారు 16 శాతం అని తేలింది. అంటే జనాభాలో వాళ్ళ వాటా కంటే తక్కువ.

అదే నెలలో బింగ్‌హామ్ తన మాటను వెనక్కు తీసుకున్నారు. ఆ అంకెలు వేరేవాళ్ళు ఇచ్చినవనీ, నమ్మదగినవి కావనీ ఒప్పుకున్నారు. పోలీసు కమీషనర్ అంతటివాడు కొద్ది వారాల్లోనే మాట వెనక్కు తీసుకోవడం చరిత్రలో అరుదు. కేకలు వేసినందువల్ల మాత్రమే అది జరగలేదు. ఎదుటివాడి అంకె పక్కన తమ అంకెను పెట్టగలిగారు గనుక జరిగింది.

లెక్క ఎక్కడ వంకరపోతుంది?

అబద్ధపు అంకె సంగతి సరే. నిజమైన అంకె కూడా మనిషిని మోసగించగలదు. మన పిల్లలకు నల్లబల్ల మీద చెప్పే లెక్కలాగా ఒకటి చూద్దాం. ఇది కేవలం ఊహకు వేసుకున్న లెక్క.

ఒక పట్టణంలో ఊరివాళ్ళు 10,000 మంది ఉన్నారనుకోండి. అందులో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు పోగా యువకులైన మగవాళ్ళు 2,500 మంది. అదే పట్టణంలో పరదేశీయులు 1,000 మంది. పనికోసం వచ్చినవాళ్ళు గనుక అందులో 600 మంది యువకులే. ఇప్పుడు ఊరి యువకుడైనా, పరదేశి యువకుడైనా, ప్రతి 100 మందిలో ఇద్దరు పోలీసు కేసులో ఇరుక్కున్నారనుకుందాం. ఊరివాళ్ళలో 50 మంది, పరదేశీయుల్లో 12 మంది అవుతారు. పత్రికవాడు ఏంచేస్తాడు? ఊరివాళ్ళలో వెయ్యికి 5గురు, పరదేశీయుల్లో వెయ్యికి 12 మంది, కాబట్టి పరదేశీయులు రెండింతలకు పైగా నేరస్థులు అని పెద్దక్షరాల్లో వేస్తాడు. కూడిక తప్పు లేదు, భాగహారం తప్పు లేదు. మరి తప్పెక్కడ? ఒకవైపు అవ్వలనూ, ఊయలలోని పాపలనూ కలుపుకుని భాగించాడు. రెండవవైపు ఎక్కువభాగం యువకులే ఉన్న గుంపును భాగించాడు. ఏ దేశంలోనైనా, ఏ కౌమ్‌లోనైనా నేరాలు ఎక్కువగా చేసేది యువకులైన మగవాళ్ళే కదా.

రెండవ సంగతి, దేన్ని నేరం అంటున్నారన్నది. న్యూయార్కులో యూదుల మీద, ఇటాలియన్ల మీద పడ్డ కేసుల్లో తోపుడుబండి లైసెన్సు లేకపోవడంవంటి నగర నిబంధనల కేసులు బోలెడు. ఆదివారం దుకాణం తెరవకూడదని చట్టం. యూదుడికి సెలవు శనివారం. శనివారం మతం కోసం మూసి, ఆదివారం పొట్ట కోసం తెరిస్తే అది నేరం. ఆదివారం చర్చికి పోయే క్రైస్తవుడికి ఆ నేరం చెయ్యవలసిన అవసరమే రాదు. ఇవాళ పరదేశంలో వీసా గడువు దాటి ఉండిపోవడం, యజమాని దగ్గరనుంచి పారిపోయి వేరేచోట పనిచెయ్యడం కూడా అట్లాంటివే. పుట్టిన దేశంలో ఉన్నవాడు ఈ నేరం చేద్దామన్నా చెయ్యలేడు. ఈ కేసులను దొంగతనం, హత్యలతో కలిపి ఒకే అంకెగా చూపిస్తే చదివేవాడికి కత్తి పట్టుకున్న మనిషి కనిపిస్తాడు గాని, కాగితం గడువు తీరిన కూలీ కనిపించడు.

మూడవది, ఏ మెట్టు దగ్గర లెక్కపెట్టారన్నది. అనుమానించబడినవాడు వేరు, అరెస్టయినవాడు వేరు, కోర్టులో శిక్ష పడినవాడు వేరు. పోలీసు ఎవరి పేటలో ఎక్కువ తిరిగితే ఆ పేటలో అరెస్టులు పెరుగుతాయి. అరెస్టు వార్త మొదటి పేజీలో వస్తుంది. విడుదల వార్త రానేరాదు.

నాలుగవది, దెబ్బ తిన్నవాణ్ణి మరచిపోవడం. న్యూయార్కులో 'బ్లాక్ హ్యాండ్' అని బెదిరింపు ఉత్తరాలు వ్రాసి డబ్బు గుంజే ముఠాలు ఉండేవి. అవి ఇటాలియన్ ముఠాలే. కాని వాళ్ళ బారిన పడ్డదెవరు? ఎక్కువగా ఇటాలియన్ దుకాణదారులు, కష్టపడి నాలుగు డబ్బులు కూడబెట్టిన ఇటాలియన్ సంసారులు. ఆ ముఠాలను వేటాడినదెవరు? ఇటలీలోని పదులా గ్రామంలో పుట్టిన పోలీసు అధికారి జోసెఫ్ పెట్రొసినో. బింగ్‌హామ్ ఆయన్నే ఇటలీ పంపారు, అక్కడి నేరస్థుల రికార్డులు తెమ్మని. రహస్యంగా సాగవలసిన ఆ ప్రయాణం సంగతి న్యూయార్కు పత్రికలో ముందే వచ్చేసింది. 1909 మార్చి 12న పలెర్మో నగరంలో పెట్రొసినోను కాల్చి చంపారు. దొంగా ఇటాలియనే, దోపిడీకి గురైనవాడూ ఇటాలియనే, దొంగను పట్టబోయి ప్రాణమిచ్చినవాడూ ఇటాలియనే. పత్రిక పాఠకుడి బుర్రలో మాత్రం ఇటాలియన్ అనగానే మొదటివాడే మిగిలిపోయాడు.

నిజం వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి

అమెరికా ప్రభుత్వం ఈ విషయాన్ని స్వయంగా విచారించింది కూడా. సెనేటర్ డిల్లింగ్‌హామ్ అధ్యక్షతన 1907లో ఏర్పడిన కమీషన్ 1911లో 41 సంపుటాల నివేదిక ఇచ్చింది. అందులో ఒక సంపుటం పూర్తిగా వలసలు, నేరాల గురించే. వయోజనుల జనాభా పెరిగిన దామాషాకు మించి వలసల వల్ల నేరం పెరిగిందనడానికి తృప్తికరమైన రుజువు లేదని అందులో వ్రాశారు. అయినా అదే కమీషన్ వలసలను అరికట్టమని సిఫారసు చేసింది! చదివేవాళ్ళు సిఫారసును పట్టుకున్నారు, రుజువు సంగతి వదిలేశారు.

తరువాత 1917లో వచ్చిన చట్టం, చదువురాని వలసదారులకు తలుపు మూసింది. మన హిందూస్థాన్‌తో సహా ఆసియాలో అధికభాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా గీత గీసింది. 1922లో హారీ లాఫ్లిన్ అనే ఆయన జైళ్ళ లెక్కలు, పిచ్చాసుపత్రుల లెక్కలు పట్టుకుని పార్లమెంటరీ కమిటీ ముందు నిలబడి, ఫలానా జాతుల రక్తంలోనే లోపమున్నదని వాదించాడు. ఆ లెక్కల్లో తప్పులున్నాయని శాస్త్రజ్ఞులు చెప్పినా వినేవాడు లేకపోయాడు. 1924లో కోటా చట్టం వచ్చింది. ఇటలీవాళ్ళకూ, తూర్పు యూరపు యూదులకూ ప్రవేశం నామమాత్రమయింది.

1931లో మరొక ప్రభుత్వ కమీషన్ నివేదిక ఇచ్చింది. దాన్ని విక్కర్‌షామ్ కమీషన్ అంటారు. నేరాలూ, విదేశాల్లో పుట్టినవాళ్ళూ అనే భాగాన్ని ఈడిత్ అబ్బట్ అనే విదుషీమణి తయారుచేశారు. జనాభా దామాషా ప్రకారం చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్ళు, అమెరికాలో పుట్టినవాళ్ళ కంటే చాలా తక్కువ నేరాలు చేస్తున్నారని ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది. కాని ఏం లాభం? అప్పటికి తలుపులు మూసుకుని ఏడేళ్ళయింది. ఆ తరువాతి పదేళ్ళలో జర్మనీ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోవాలనుకున్న ఎందరో యూదులకు ఆ మూసిన తలుపే ఎదురయింది. అందులో ఎంతమంది ప్రాణాలు పోయాయో తలచుకుంటే, ఒక తప్పు అంకె ఖరీదు ఎంతో అర్థమవుతుంది.

ఆ తలుపులు సరిగా తెరుచుకున్నది 1965 చట్టంతో. మన తెలుగు ప్రాంతాల డాక్టర్లూ, ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్ళగలిగింది ఆ తరువాతనే. 2023లో ఆర్థికశాస్త్రవేత్తలు రాన్ అబ్రమిట్స్కీ, లియా బూస్టన్ మొదలైనవారు 1870 నుంచి 2020 దాకా 150 ఏళ్ళ లెక్కలు తిరగేశారు. అక్కడి జైళ్ళలో వలసదారుల దామాషా, ఒక సమూహంగా చూస్తే, ఆ 150 ఏళ్ళలో ఎన్నడూ దేశంలో పుట్టినవాళ్ళను మించలేదని తేల్చారు. ఇటీవలి సంవత్సరాల్లోనైతే వలసదారులు జైలుపాలయ్యే అవకాశం 60 శాతం తక్కువట.

ఇక్కడ మనం ఇన్సాఫ్ తప్పకూడదు. అన్ని దేశాల్లోనూ ఇదే లెక్క వస్తుందనడం కూడా తప్పే. జర్మనీ పోలీసు లెక్కల్లో అనుమానితుల్లో విదేశీయుల వాటా, జనాభాలో వాళ్ళ వాటా కంటే ఎక్కువగానే ఉంటున్నది. దాన్ని దాచవలసిన పని లేదు. కాని అనుమానితుల్లో లెక్కించే యాత్రికులూ, దారినపోయే వాళ్ళూ జనాభా లెక్కలో ఉండరనీ, వయసు తేడాలున్నాయనీ, నేరుగా పోల్చవద్దనీ అక్కడి పోలీసు శాఖవాళ్ళే హెచ్చరిస్తారు. వీసా, నివాస నిబంధనల కేసులు తీసేసి వేరే పట్టిక కూడా ఇస్తారు. పత్రికల్లో పట్టిక వస్తుంది గాని హెచ్చరిక రాదు. ఎక్కువున్నచోట ఎక్కువున్నదని ఒప్పుకుని, ఎందుకున్నదో వెతకడమే చదువుకున్నవాళ్ళ పద్ధతి.

కెహిల్లా చేసిన పని

మళ్ళీ న్యూయార్కుకు వద్దాం. బింగ్‌హామ్ మాట వెనక్కు తీసుకున్నాడు గదా, ఇక చాలని యూదులు ఇళ్ళకు పోలేదు. మన తరఫున మాట్లాడడానికి ఒక సంఘం లేకపోబట్టే కదా ఈ గందరగోళం అనుకున్నారు. జూడా మాగ్నెస్ అనే యువ మతగురువు నాయకత్వంలో 1909లో 'కెహిల్లా' స్థాపించారు. హీబ్రూలో ఆ మాటకు అర్థం మన 'జమాత్' లాంటిదే.

ఆ సంఘం మొట్టమొదట పిల్లల చదువు మీద చెయ్యివేసింది. సర్వే చేయించుకుంటే అత్యధిక సంఖ్యలో పిల్లలకు ఏ మతబోధా అందడం లేదని తేలింది. 1910లో విద్యా విభాగం పెట్టారు. 1912 జూలైలో పెద్ద పరీక్ష ఎదురయింది. రోజెన్‌తాల్ అనే జూదగృహం యజమానిని నడివీధిలో కాల్చి చంపారు. కాల్చిన నలుగురిలో ముగ్గురు యూదులు. ఈసారి అంకెలో తప్పు లేదు, నింద నిజం. పత్రికలకు పండుగయింది. ఆ హత్య చేయించాడని కోర్టు తేల్చి 1915లో మరణశిక్ష అమలు చేసింది మాత్రం అమెరికాలోనే పుట్టిన పోలీసు లెఫ్టినెంట్ చార్లెస్ బెకర్‌కు!

అప్పుడు కెహిల్లా ఏంచేసింది? అబద్ధం అనలేదు. మమ్మల్ని ద్వేషిస్తున్నారని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. స్వంతంగా ఒక నేరవిచారణ విభాగం పెట్టుకుంది. తమ పేటల్లో జూదం ఎక్కడ, వ్యభిచార గృహాలెక్కడ, ఎవరు నడుపుతున్నారు అని తమ మనుషుల చేత విచారింపజేసి, ఆ వివరాలు నగర అధికారులకు అందజేసింది. 1908లో అబద్ధానికి అంకెతో జవాబు చెప్పారు. 1912లో నిజానికి పనితో జవాబు చెప్పారు. మొదటిది చేసిన వాళ్ళకే రెండవది చేసే ధైర్యం వచ్చింది.

ఆ సంఘం చిరకాలం నిలవలేదు. లోపలి తగాదాలు, నిధుల కొరత వల్ల 1922 నాటికి ఆగిపోయింది. ఇవి మన సంఘాలకు తెలియని జబ్బులేమీ కావు.

యూదుల సంగతి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. పలస్తీనా గాయం మన గుండెల్లో ఉన్న మాట నిజమే. ఆ మాగ్నెస్ గారే తరువాత జెరూసలేం వెళ్ళి, హీబ్రూ విశ్వవిద్యాలయానికి నాయకత్వం వహిస్తూ, అరబ్బులూ యూదులూ సమాన హక్కులతో ఒకే రాజ్యంలో ఉండాలని 1948లో చనిపోయేదాకా వాదించారు. ఒక కౌమ్ మీద కోపం మనల్ని న్యాయం తప్పించకూడదని అల్ మాయిదా సూరాలో మనకు ఆదేశమే ఉన్నది. వార్త తెచ్చినవాణ్ణి నమ్మే ముందు విచారించుకోవాలని హుజురాత్ సూరాలో ఉన్నది. పరదేశీయుల మీద వచ్చే వార్త విషయంలో ఇంతకంటే వేరే సూత్రం అక్కరలేదు.

మనం ఏం చెయ్యాలి?

మొదటిది, అంకె చూడగానే నాలుగు ప్రశ్నలు అడగడం మన పిల్లలకు నేర్పాలి. ఎంతమందిలో ఇంతమంది? ఏ నేరం? అనుమానమా, శిక్షా? చెప్పేవాడికి ఏం కావాలి? ఈ ప్రశ్నలు మన మీద నింద వచ్చినప్పుడే అడిగితే చాలదు. మన ఊరికి బీహారు నుంచో, ఒడిశా నుంచో పనికి వచ్చిన కూలీల మీద, వేరే దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన విద్యార్థుల మీద నింద వచ్చినప్పుడు కూడా అడగాలి. హోటలు దగ్గర చాయ్ తాగుతూ 'వాళ్ళంతా అంతే' అని మనం అనే ప్రతి మాటా, పరదేశంలో మన పిల్లవాడి గురించి ఇంకొకడు అంటున్న మాటే.

రెండవది, మన లెక్క మన దగ్గర ఉండాలి. మొహల్లాలో బడి మానేసిన పిల్లలెందరు, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళెందరు, నిర్దోషులుగా విడుదలైనవాళ్ళెందరు, పరదేశం జైళ్ళలో ఉండి ఇంటికి కబురు లేనివాళ్ళెందరు అన్నది ఒక రిజిస్టరులో ఎక్కాలి. ఒక కౌమ్ తన లెక్క తాను వ్రాసుకోకపోతే ఇంకెవరో వ్రాస్తారు, 'బహుశా' అనే మాట పెట్టి.

మూడవది, ఆ రిజిస్టరులో మనకు ఇష్టంలేని అంకె వస్తే దాన్ని కొట్టివెయ్యకూడదు. అక్కడే సంఘం పని మొదలవుతుంది.

పరదేశంలో ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా ఉంచుగాక. వాళ్ళ మీద న్యాయంగా మాట్లాడే నోళ్ళను వాళ్ళ చుట్టూ పెట్టుగాక. మన మధ్య ఉన్న పరదేశీయుల విషయంలో అట్లాంటి నోరు మనకూ ప్రసాదించుగాక. ఆమీన్.